డ్రమ్ములు కడిగిన నీళ్లు

కరోనా లాక్‌డౌన్‌తో సూరత్ ఉధ్నాలో సాంచాలు ఆగిపోయిన ఆ వేసవిలో మా వరస గదుల్లో చాలావాటికి తాళాలు పడ్డాయి. మరమగ్గాలను మావాళ్లు సాంచాలంటారు. నేను సూరత్‌లోనే, వాటి చప్పుడులోనే పుట్టి పెరిగాను. ఆ చప్పుడు లేకపోయేసరికి ఒకచోట కూర్చోబుద్ధి కాలేదు. కరీంనగర్ వైపు వాళ్లు, ఒడిశా వాళ్లు దొరికిన బండెక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. మేము ఉండిపోయాం. మా అత్తకు మోకాళ్లు పట్టేశాయి. "ఆ బస్సుల్ల తొక్కులాట నాతోని కాదు బిడ్డా. బతికితే ఈడనే బతుకుదాం" అంది.

అప్పుడు మమ్మల్ని బతికించింది కొంతవరకు ఆమే. మా గది వెనక గోడకూ ఖాడీకీ మధ్య సన్నటి మట్టి పట్టీ ఒకటి ఉంది. ఖాడీ అంటే ఒకప్పుడు వాగట. నాకు తెలివి వచ్చేసరికే అది నల్లటి మురుగు కాలువ. ఆ నీళ్లు మా అత్త ముట్టేది కాదు. బియ్యం కడిగిన నీళ్లు, స్నానం నీళ్లు బకెట్లలో మోసి, ఆ పట్టీలో పుంటికూర, బచ్చలి, నాలుగు మిరప మొక్కలు పెంచేది. విత్తనాలు ఊరి నుంచి వచ్చిన రోజున కొంగున కట్టుకొచ్చినవి. కూరగాయల బండ్లు రాని ఆ నెలల్లో మిగిలిన గదుల వాళ్లందరికీ ఆ కూరే దిక్కయింది. ఎవరూ ఎవరి దగ్గరికీ రాని రోజులు కదా, అత్త కట్టలు కట్టి గోడ మీద పెట్టి, "తీస్కోండ్రి" అని కేకేసి లోపలికి వచ్చేసేది.

వానాకాలం వెళ్లాక సాంచాలు సగం మొదలయ్యాయి. మా ఆయనకు పిలుపు రాలేదు. నేను ఇంట్లో చీరలకు రాళ్లు అతికించే పని చేసేదాన్ని. అదీ ఆగిపోయింది. ఆ సమయంలోనే మా వరసను ఆనుకుని మూతపడి ఉన్న ఒక షెడ్డును ఎవరో అద్దెకు తీసుకున్నారు. టెంపోల్లో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ములు దిగడం మొదలైంది. మందులు తయారుచేసే కంపెనీల నుంచి ఖాళీ డ్రమ్ములు కొని, కడిగి, మళ్లీ అమ్మే వ్యాపారమట. మా ఆయన వెళ్లి అడిగాడు. మర్నాటి నుంచే రమ్మన్నారు.

"ఏం పని?" అని అడిగాను.

"డ్రమ్ములు కడుగుడు. గోలీలకు వేసే పౌడర్ ఉంటది అండ్ల. అడుగున జర అంటుకొని ఉంటది. పైపు పెట్టి కొడ్తే పోతది."

"ఏం గోలీలు?"

"నాకేం తెలుసు? కాయితాలు చింపేసి పంపుతరు."

పని దొరికిందన్న సంతోషంలో అంతకు మించి అడగలేదు. వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం అన్నానికి వచ్చి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు.

"పప్పు చేదున్నదేంది?"

నేను రుచి చూశాను. అత్త రుచి చూసింది. పప్పు బాగానే ఉంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని వేలి కొసను నాలుకకు తాకించాను. వేప కషాయం కంటే చేదు. సబ్బుతో రెండుసార్లు కడిగాక కూడా పోలేదు. ఆ రోజు నుంచి ఆయన చెంచాతో తినడం నేర్చుకున్నాడు. నాకు మాత్రం చెంచా చూసినప్పుడల్లా మనసు కుదురుగా ఉండేది కాదు. ఆయన చొక్కా మా బట్టలతో కలపకుండా విడిగా ఉతికేదాన్ని. ఉతికాక నా చేతులు వాసన చూసుకునేదాన్ని. గిన్నెలు కడిగి బోర్లించి, మళ్లీ తీసి కడిగేదాన్ని.

"దవాయే కదనే, ఇసమా? మందిని బతికించేదే అది" అనేవాడు ఆయన.

లోకమంతా మందు కోసం చేతులు చాచి నిలబడిన కాలం అది.

షెడ్డు లోపల కడిగిన నీళ్లు వెనక గోడలో ఒక పైపు గుండా బయటికి వచ్చేవి. ఒకరోజు తెల్లగా, ఒకరోజు పసుప్పచ్చగా. అవి మా అత్త మట్టి పట్టీ అంచు మీదుగా పారి ఖాడీలో పడేవి. ముందు మార్పును పట్టుకున్నది అత్తే. వానపాములు పైకి వచ్చి చచ్చిపోతున్నాయని చెప్పింది. తర్వాత మట్టి మీద ఉప్పు పేరినట్టు తెల్లటి పొర కట్టింది. పుంటికూర ఆకుల అంచులు మాడాయి. పైపుకు దూరంగా ఉన్న బచ్చలి బాగానే ఉంది. ఆ బాగున్నదాన్ని చూస్తేనే నాకు ఇంకా భయం వేసింది. మాడినదాన్ని ఎలాగూ తినం. బాగున్నదాని లోపల ఏముందో ఎవరు చెప్పాలి?

ఆ కడిగిన డ్రమ్ములను మా వరసలోనే కొందరు నీళ్లు పట్టుకోవడానికి కొన్నారు. మా ఆయనా ఒకటి తెచ్చాడు. నేను గడప దాటనివ్వలేదు. "మూడుమార్లు కడిగిన. నా చేతుల్తోని కడిగిన" అన్నాడు. మూత తీసి తల లోపలికి పెట్టి పీల్చాను. ఆసుపత్రి వరండాలో వచ్చే వాసన. "నువ్వు కడిగినవు గనుకనే వద్దు. ఎట్లుంటదో నీకే ఎక్కువ తెలుసు" అన్నాను. ఆయన దాన్ని తిరిగి తీసుకెళ్లి ఇచ్చేశాడు. నేను గది గదికీ వెళ్లి చెప్పాను. ఇద్దరు తాగే నీళ్లకు వాడడం మానేశారు. మిగిలినవాళ్లు నవ్వారు.

మరుసటి ఎండాకాలం రెండో విడత జబ్బు వచ్చింది. సూరత్‌లోనే అమ్రోలి వైపు ఉండే మా అన్నకు ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో చేర్చుకున్నారు గానీ, ఇంజెక్షన్ మీరే తెచ్చుకోవాలన్నారు. నేను, వదిన పొద్దున్నే వెళ్లి, అది ఇచ్చే చోట వరుసలో నిలబడ్డాం. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అయిపోయాయన్నారు. ఒకామె అక్కడే రోడ్డు మీద కూలబడి గుండెలు బాదుకుంది. ఆటో దొరక్క చాలా దూరం నడిచి ఇంటికి వచ్చాను. కాళ్లు కడుక్కుందామని వెనక్కి వెళ్తే, పైపు నుంచి పసుప్పచ్చ నీళ్లు ధారగా పడుతున్నాయి. ఆ రోజుల్లో డ్రమ్ములు రెట్టింపు వచ్చేవి. అందులో ఉన్నది ఏ మందో నాకు తెలియదు. మా అన్నకు కావలసింది అదే అయి ఉండదని మాత్రం తెలుసు. అయినా కాళ్లు కడుక్కోకుండా ఆ ధారనే చూస్తూ నిలబడ్డాను. ఒకచోట చుక్క దొరకదు, ఒకచోట ఖాడీ పాలు. మా అన్న ఆక్సిజన్ మీద నెట్టుకొచ్చి, నెమ్మదిగా తేరుకుని ఇంటికొచ్చాడు. ఆ ధార మాత్రం నా కళ్ల ముందు నుంచి పోలేదు.

వానలు పడకముందు మా అత్త, మాడిన మొక్కలు పీకి మట్టి తిరగేస్తూ, కొడవలి జారి పాదం కోసుకుంది. చిన్న గాయమే. పసుపు అద్దుకుని మళ్లీ ఆ బురదలోనే ఒట్టి కాళ్లతో తిరిగింది. కొన్నాళ్లకు పాదం వాచి చీము పట్టింది. మా వీధి క్లినిక్‌లో ఇచ్చిన గోలీలు వాడింది. తగ్గలేదు. మార్చి ఇచ్చారు. అయినా తగ్గలేదు. చివరికి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ చీమును పరీక్షకు పంపింది. ఫలితం వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి హిందీలో నిదానంగా చెప్పింది. మామూలుగా వాడే మందులు ఈ క్రిమి మీద పనిచేయడం లేదని, గట్టి ఇంజెక్షన్లు ఇవ్వాలని అంది.

నేను షెడ్డు గురించి, పైపు గురించి, మట్టి గురించి చెప్పాను. "అందుకేనా మేడమ్?" అని అడిగాను.

ఆమె పరీక్ష కాగితాన్ని మరోసారి చూసింది. "మందు కొంచెం కొంచెంగా కలిసిన నీళ్లలో, మట్టిలో బతికిన క్రిమి ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. అది నిజం. కానీ మీ అత్తగారికి అక్కడి నుంచే వచ్చిందని నేను చెప్పలేను. ఈ జబ్బు వచ్చినప్పటి నుంచి జనం అవసరమున్నా లేకున్నా గోలీలు మింగారు. దానివల్లా అవుతుంది. ఎక్కడి నుంచైనా వచ్చి ఉండొచ్చు."

అవునని చెప్పినా నేను ఇంత ఆరాటపడేదాన్ని కాదేమో. కాదని చెప్పినా సరే. దారంతా ఆ 'ఉండొచ్చు'ను మోసుకుంటూ వచ్చాను. అత్తకు ఆ మాటలన్నీ తెలుగులో చెబితే, పాదం వైపు చూసుకుని, "మందులకు చావని పురుగా? మందు తాగి బలిసిందా?" అంది.

మర్నాడు నాకు చేతులు ఊరుకోలేదు. ఎదురు గదిలో ఉండే జగిత్యాల ఆమెను పిలిచాను. ఆమెకూ కోపంగానే ఉంది. ఆమె పిల్లల ఒళ్లంతా ఆ నెలలో దద్దుర్లు. ఇద్దరం ఒక సిమెంటు సంచిలో ఇసుక నింపాం. నా పాత ఆకుపచ్చ చీరను ముద్దగా చుట్టి పైపు నోట్లో కుక్కి, దానికి అడ్డంగా సంచి పెట్టాం. ధార ఆగింది. మా అత్త గడప మీద కూర్చుని చూస్తూనే ఉంది, వద్దనలేదు.

కాసేపటికి లోపల అరుపులు మొదలయ్యాయి. షెడ్డు వెనక తలుపు తెరుచుకుంది. ముందు బయటికి వచ్చింది మా ఆయన. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది. పిక్కల మీంచి పసుప్పచ్చ నీళ్లు కారుతున్నాయి. నీళ్లు వెనక్కి మళ్లి లోపల నిండిపోతాయన్న ఆలోచనే నాకు రాలేదు. ఆయన వెనకాలే సూపర్‌వైజర్ వచ్చి, "కిస్‌నే కియా? ఏ కిస్‌నే కియా?" అని, ఇది ఎవరి పనని కేకలేశాడు.

మా ఆయన సంచిని పక్కకు లాగి, వంగి పైపులోంచి గుడ్డను పీకాడు. నీళ్లు ఒక్కసారిగా ఆయన మీదికి చిమ్మాయి. చేతిలో ఉన్న ఆకుపచ్చ అంచును గుర్తుపట్టాడు. తలెత్తి నన్ను చూశాడు. నేను "నేనే" అనబోయాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"కచరా ఫస్ గయా, సాబ్."

చెత్త ఇరుక్కుందట. సూపర్‌వైజర్ మా ముగ్గురు ఆడవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసి లోపలికి వెళ్లాడు. మా ఆయన ఆ చీరను పిండి, మా గోడ మీద ఆరేసి, తనూ లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అత్త మంచినీళ్లు ఇస్తే తాగాడు. నేను ఇక ఆగలేక, "కేకలెయ్యి, తిట్టు, ఏదో ఒకటి అను" అన్నాను.

ఆయన రెండు కాళ్లూ ముందుకు చాపాడు. పాదాల వేళ్ల మధ్య చర్మం తెల్లగా నాని, చీలి, లోపలి ఎరుపు కనిపిస్తోంది. మడమలు పగిలి పొరలు లేస్తున్నాయి.

"అవ్వకు దెబ్బ తాకిందని ఏడ్చినవ్. పుంటికూర మాడిందని ఏడ్చినవ్. వానపాములు చచ్చినయని గూడ చెప్పుకున్నరు. ఆ నీళ్లల్ల పొద్దంత నిలవడేది ఎవరు?"

మా అత్త కుంటుకుంటూ లేచి వచ్చి కొడుకు కాళ్ల దగ్గర కూర్చుంది. "చెప్పవైతివి గదరా కొడుకా" అంది.

"చెప్తే ఏమైతది అవ్వా? ఇంకో పని ఉన్నదా?"

"లేకుంటే లేకపాయె. సాంచా నడిపిన చేతులురా అవి."

ఆయన కాళ్లు వెనక్కి ముడుచుకున్నాడు. మర్నాడు పొద్దున వెళ్లి సూపర్‌వైజర్‌ను రబ్బరు బూట్లు, చేతులకు తొడుగులు అడిగాడు. ఆ నీళ్లను ఇళ్ల వైపు వదలడం ఆపమని కూడా అడిగాడు. బూట్లు కావాలంటే నువ్వే కొనుక్కో అన్నారట. నీళ్ల సంగతి నీకెందుకన్నారట. అయితే ఈ నీళ్లలో దిగనన్నాడు. వద్దులే పో అన్నారు. అంతే, పని పోయింది. ఆ మధ్యాహ్నానికే ఇంకొకతను, మాకు తెలియనివాడు, అదే చోట ఒట్టి కాళ్లతో డ్రమ్ములు కడుగుతున్నాడు.

రెండు రోజుల తర్వాత సూపర్‌వైజర్ పైపుకు పొడుగాటి రబ్బరు గొట్టం తొడిగించి, కొసను నేరుగా ఖాడీలోకి వేయించాడు. గొడవ తీరిపోయిందనుకున్నాడేమో, మా అత్తతో నవ్వుతూ హిందీలో, "అమ్మా, ఇక మీ తోటలోకి రాదు" అన్నాడు.

నేను తెలుగు చేసి చెప్పాను. అత్త, "నా తోట తప్పిస్తే అయిపాయెనా? అవుతల ఇంకొకరి తోట ఉండదా? అడుగు బిడ్డా" అంది. అడిగాను. అతను చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఆ ఖాడీ ఎక్కడికి పోతుందో ఒక్కొక్కరు ఒకటి చెప్పేవారు. డుమస్ వైపు సముద్రంలో కలుస్తుందని జగిత్యాల ఆమె అనేది. ఆదివారాలు మేం వరసలోని పిల్లలను తీసుకుని వెళ్లి టమాటా భజియాలు తిని, అలల్లో కాళ్లు తడుపుకున్న చోటు అది. ఆ మాట విన్నాక నాకు అక్కడికి వెళ్లబుద్ధి కాలేదు.

వరసలోని ఆడవాళ్లం కలిసి వార్డు ఆఫీసుకు వెళ్లి చెప్పాం. ఇద్దరు మనుషులు వచ్చారు. సీసాల్లో నీళ్లు పట్టుకున్నారు, పొట్లంలో మట్టి కట్టుకున్నారు. మర్యాదగానే మాట్లాడారు. ఆ సీసాల్లో ఏం తేలిందో మాకు తెలియలేదు. ఎన్నిసార్లు వెళ్లి అడిగినా, పైకి పంపాం అనేవారు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక పొద్దున టెంపోలు వరుసగా వచ్చి డ్రమ్ములన్నీ ఎక్కించుకుపోయాయి. షెడ్డుకు తాళం పడింది. జగిత్యాల ఆమె పెరుగు తెచ్చి అందరికీ చక్కెర వేసి పంచింది. నేను తిన్నాను గానీ, ఆ టెంపోలు ఎటు వెళ్లాయా అన్న ఆలోచన వదల్లేదు. ఇంకెక్కడో ఒక షెడ్డు, దాని వెనక ఇంకెవరివో గదులు ఉండనే ఉంటాయి.

అత్త పాదం ఇంజెక్షన్లతో మానింది. మానగానే మట్టి మీద పడింది. పై మట్టి తవ్వి తీసేసి కొత్తది పోద్దామంది. మా ఆయన కాళ్లకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకుని తవ్వాడు. సంచుల్లోకి ఎత్తాం. చెత్తబండి వాడు మట్టి తీసుకోనన్నాడు. ఖాడీలో పడేద్దామని ఎవరో అంటే అత్త ఒప్పుకోలేదు. సంచులు గోడ వారగా పెట్టాం. వానలకు తడిసి, చిరిగి, ఆ మట్టి మళ్లీ అక్కడికే జారింది.

ఆ వానల్లోనే, ఎవరూ చల్లకుండా, రాలిన గింజల నుంచి పుంటికూర మొలిచింది. ఎర్రటి కాడలు, నిగనిగలాడే ఆకులు, మాడిన జాడే లేదు. ఊరి నుంచి కొత్తగా తిరిగొచ్చిన ఒక పిల్ల, కడుపుతో ఉన్నది, "పెద్దమ్మా, పుల్లపుల్లగ తినబుద్ధైతంది, ఒక్క కట్ట ఇయ్యరాదు" అని అడిగింది. లాక్‌డౌన్‌లో అడగకుండానే అందరికీ పంచిన మనిషి మా అత్త. ఆ రోజు, "లేదు బిడ్డా, ఇది తినేది కాదు" అంది. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని వెళ్లింది. అత్త అక్కడే నిలబడి ఒక ఆకు తుంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, కింద పడేసింది. తర్వాత కూర్చుని మొక్కలన్నీ వేళ్లతో సహా పీకింది. నన్ను సాయం రానివ్వలేదు. నన్నే బజారుకు పంపి పుంటికూర తెప్పించి, పప్పులో వేసి, ఆ పిల్లకు గిన్నె నిండా ఇచ్చి వచ్చింది.

మరుసటి ఏడు అమ్రోలిలో మా ఆయనకు సాంచాల మీద పని దొరికింది. మా అన్న ఇంటికి దగ్గర్లో గది తీసుకున్నాం. ఆయన కాళ్లు మానాయి. వేళ్ల సందుల్లో మచ్చలు నల్లగా ఉండిపోయాయి. అత్త కొత్త గదిలో మొక్కల ఊసెత్తలేదు.

ఈమధ్య జగిత్యాల ఆమె కూతురి ఓణీల ఫంక్షన్‌కు ఉధ్నా వెళ్లాను. మేమున్న గదిలో ఇప్పుడు బీహార్ వాళ్లు ఉంటున్నారు. భోజనాలయ్యాక వెనక్కి వెళ్లి చూశాను. ఆ ఇంటామె మట్టి పట్టీలో గుంత తవ్వుతోంది. పక్కన తులసి మొక్క ఉంది. ఎవరు నువ్వు అన్నట్టు చూసింది. ఇంతకు ముందు ఇక్కడ ఉండేదాన్నని చెప్పాను. ఈ మట్టిలో నాటొద్దని చెప్పాను. ఎందుకని అడిగింది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. డ్రమ్ముల దగ్గర మొదలుపెట్టి, తడబడుతూ, మా అత్త పాదం, మా ఆయన కాళ్లు, డాక్టరమ్మ చెప్పింది, చెప్పలేనన్నది, అన్నీ చెప్పాను. నాకే ఏదీ పూర్తిగా తెలియదని కూడా చెప్పాను. వింటున్నంతసేపూ ఆమె నా ముఖం చూసింది. తర్వాత చేతులు దులుపుకుని, తన పాదాల వైపు చూసుకుంది. ఒట్టి కాళ్లతో ఉంది.

లోపలికి వెళ్లి చెప్పులు వేసుకుని వచ్చింది. రంగు డబ్బా ఒకటి తెచ్చి, ఇందులో పెట్టనా అని అడిగింది. పెట్టమన్నాను. మట్టి ఎక్కడి నుంచి తేవాలి అని అడిగింది. నేను గోడ వారగా, ఖాడీ వైపు, షెడ్డు వైపు చూశాను. ఇద్దరం కాసేపు ఆ తులసి మొక్క పక్కనే నిలబడ్డాం.